ఎర్రచుక్క లేని తెర

పోయిన వారం మనం జకర్యాను మెట్టుగూడ సిగ్నల్ దగ్గర, కిక్కిరిసిన సిటీ బస్సులో నిలబెట్టి వదిలేశాం. భుజాన ల్యాప్‌టాప్ సంచి, మనసులో ఎవరికీ చెప్పుకోలేని అనుమానం.

ఆ అనుమానం ఏమిటో మరిచిపోయినవాళ్ల కోసం, ఇవాళే ఈ కథ తెరిచినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పుకుందాం. కొరియర్ కంపెనీ మూతబడి నలభై ఏడేళ్ల వయసులో రోడ్డున పడ్డ జకర్యా, ప్యాట్నీ దగ్గర ఒక మేడమీది ఇన్‌స్టిట్యూట్‌లో స్విఫ్ట్ నేర్చుకున్నాడు. ఐఫోన్లలో యాప్‌లు తయారుచేసే భాష అది. నేర్చుకున్న విద్యతో మొట్టమొదట చేసింది భార్య మేబెల్ కోసం. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనక ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో ఆమె ఇరవై ఏళ్లుగా నర్సు. పేషెంటు బరువు కొడితే ఎంత మందు ఇవ్వాలో, సిరంజిలో ఏ గీత దాకా లాగాలో, మళ్లీ ఎప్పుడు ఇవ్వాలో చెప్పే యాప్ అది. అంతకుముందు మేబెల్ ఆ లెక్కంతా ఎడమ అరచేతిలో బాల్‌పెన్నుతో వేసుకునేది. "ఇంకా ఆ చేతి రాతలేంటి, నేనుండగా" అని మురిసిపోతూ మాన్పించింది మన జకర్యానే.

మొన్న మధ్యాహ్నం విమలమ్మ అనే ముసలావిడకు, బన్సీలాల్‌పేట్‌లో గాజుల కొట్టు నడుపుకునే ఆవిడకు, రక్తం గడ్డకట్టకుండా వేసే ఇంజక్షన్ మోతాదు మించింది. సాయంత్రానికి తలలో రక్తం కారడం మొదలైంది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉంది. ఇంజక్షన్ వేసింది మేబెల్. ఎంత వెయ్యాలో చెప్పింది ఆ యాప్. అయినా మేబెల్ దాని పేరే ఎత్తలేదు. "నా చెయ్యే తప్పింది" అన్నది, అంతే. ఇంటికొచ్చి ఫోను ఆపేసి బీరువాలో చీరల కింద పెట్టేసింది. ఇవాళ మధ్యాహ్నం నర్సింగ్‌హోమ్‌కు పోయి, తప్పంతా తనదేనని రాసి సంతకం పెట్టాలి. పెడితే ఉద్యోగం పోతుంది, నర్సుగా ఇక ఎక్కడా పనిచెయ్యలేదు, ఆ కాగితం నేరుగా పోలీసుల చేతికి వెళ్తుంది.

"అమ్మ ఫోన్లో నా హాల్‌టికెట్ ఉంది నాన్నా, ఇవాళ ఆన్ చెయ్యాల్సిందే" అని పొద్దున కూతురు ఎలీనా అడిగింది. మేబెల్ అవుననలేదు, కాదనలేదు.

బస్సులో ఉండగానే జకర్యా ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. మేబెల్ కింద పనిచేసే ప్రిసిల్లా నుంచి. "వందనాలన్నా. అక్క లేదు కదా, ఇయ్యాల్టి నుంచి వార్డు నేనే చూడాలె. ఆ యాప్ లింకు నాక్కూడా పంపవా?" పంపనంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే ఏం చెప్పాలి? యాప్‌లో తప్పేమీ లేదు, ఉండదు, ఉండకూడదు అని తనకు తాను మూడుసార్లు చెప్పుకుని పంపేశాడు. మనిషి భయపడితే ఎంత బుద్ధితక్కువ పనైనా చేస్తాడు.

*

ఇన్‌స్టిట్యూట్‌లో భోజనాల వేళ. పిల్లలంతా కిందికి పోయారు. పంతులమ్మ అనుపమ ఒక్కతే టిఫిన్ బాక్సు ముందు కూర్చుని ఉంది. జకర్యా కన్నా పదిహేనేళ్లు చిన్నది. అయినా అతను ఆమెను మేడం అనే అంటాడు, ఆమె అతన్ని గారూ అనే పిలుస్తుంది.

"ఏమైంది జకర్యా గారూ, మొఖం గిట్లున్నదేంది? క్లాస్ రేపు కదా."

"నా యాప్ ఒక్కసారి చూడాలి మేడం. మీరు నా పక్కన కూర్చుని చూడాలి."

విమలమ్మ సంగతి చెప్పాడు. వింటున్నకొద్దీ అనుపమ చేతిలో చెంచా నెమ్మదించి, చివరికి బాక్సులోనే ఉండిపోయింది. ఆమెకూ భయపడే కారణం ఉంది. గోడమీద, సరిగ్గా ఆమె తల వెనక, రంగు పోస్టరు: మా విద్యార్థి జకర్యా తయారుచేసిన యాప్ నేడు నర్సింగ్‌హోమ్‌లో. ఆ యాప్‌ను నలుగురికీ అందేలా పెట్టిన అకౌంటు కూడా ఆమె పేరు మీదిదే.

"ముందు చూద్దాం. ఊరికె పరేషాన్ గాకండి" అంది, చెయ్యి కడుక్కోకుండానే.

ల్యాప్‌టాప్ తెరిచారు. ముప్పై ఎనిమిది అని కొట్టాడు జకర్యా. విమలమ్మ బరువు అది. కిలోకు ఒక మిల్లీగ్రాము లెక్కన ముప్పై ఎనిమిది చూపించింది. యాభై రెండు కొట్టాడు, యాభై రెండు. డెబ్బై ఒకటిన్నర కొట్టాడు, అదీ సరిగ్గానే వచ్చింది. అనుపమ తన చేత్తో మరో అరడజను అంకెలు కొట్టి చూసింది. వేలెత్తి చూపడానికి ఒక్క తప్పు లేదు.

ఆమె కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలింది. "యాప్ మంచిగనే ఉన్నది. చెప్తున్నందుకు ఏమనుకోకండి, మేబెల్ మేడం చెయ్యే తప్పినట్టున్నది. డ్యూటీలల్ల అలసిపోతరు, మనుషులే కదా."

జకర్యాకు ఏం కలిగిందో దాచకుండా చెప్పాలంటే, సంతోషం కలిగింది. తన తప్పు కాదు! ఒళ్లంతా తేలికైంది. ఆ వెంటనే ఆ సంతోషం దేనిమీద నిలబడిందో తెలిసొచ్చి తనమీద తనకే అసహ్యం వేసింది. తాను బయటపడ్డాడంటే మేబెల్ మునిగిందనే కదా.

లేచి సంచి సర్దుకోబోతూ బల్లమీద ఆమె టిఫిన్ బాక్సు పక్కనున్న పెరుగు డబ్బాను చూశాడు. దానిమీద రెండు వందల గ్రాములు అని ఉంది. ఎందుకో ఆ గ్రాముల మీదే చూపు ఆగిపోయింది.

ఇంట్లో మేబెల్‌కు ఒక పిచ్చి ఉండేది. చాకలి పద్దు రాసినా, ఎలీనాకు దగ్గుమందు చీటీ రాసినా, అంకెను ఒంటరిగా వదిలేది కాదు. నర్సింగ్ స్కూల్లో మొదటి రోజే నేర్పుతారట: ఉత్త అంకె మనిషిని చంపుతుంది, పక్కన అది కిలోలో, గ్రాములో, చుక్కలో రాసి తీరాలి. కొత్తగా చేరిన నర్సులందరికీ ఆమె ఇదే నూరిపోసేది. ప్రిసిల్లా ఒకసారి ఉత్త అంకె రాసినందుకు వార్డు మధ్యలో నిలబెట్టి చీవాట్లు పెట్టానని మేబెలే ఇంటికొచ్చి చెప్పింది.

తాను అంకెలు కొట్టింది కొరియర్ ఆఫీసు గుమాస్తాలాగా. నర్సు అలా కొట్టదు.

"మేడం, పాతదాంట్లో బరువు కొట్టబోతే అంకెల మీటలు మాత్రమే వచ్చేవి కదా? పోయిన శనివారం డెమో కోసమని తెర మార్చాం. ఇప్పుడు అక్షరాలు కూడా వస్తున్నాయి."

"వస్తె ఏమైతది? అంకెలు కొట్టినా తీసుకుంటది కదా."

జకర్యా మళ్లీ కూర్చున్నాడు. ముప్పై ఎనిమిది కొట్టి, ఒక ఖాళీ వదిలి, పక్కన కేజీ అని కొట్టాడు.

తెరమీద అరవై నాలుగు వచ్చింది.

చెరిపి మళ్లీ కొట్టాడు. అరవై నాలుగు. నలభై అయిదు కేజీ అని కొట్టాడు. అరవై నాలుగు. ఎనభై కేజీ. అరవై నాలుగు. యాప్ ఎక్కడా ఆగలేదు, తడబడలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. అందంగా, ఆకుపచ్చ గడిలో, మేబెల్ ఇష్టమని పెట్టిన పెద్ద అక్షరాలతో ఆ ఒక్క అంకే చూపిస్తూ పోయింది.

"ఏందిది?" అనుపమ తెరమీదికి వంగింది. "ఈ అరవై నాలుగు ఎక్కడికెల్లి వచ్చింది?"

ఎక్కడినుంచి వచ్చిందో జకర్యాకు చెప్పక్కర్లేదు. అది మేబెల్ బరువు.

*

ఇక్కడ మన పాఠకులు కాస్త ఓపిక పట్టాలి. ఈ తప్పు ఎలా పుట్టిందో తెలియకపోతే ఇకముందు జరిగేది అర్థం కాదు.

స్విఫ్ట్ నేర్చుకునేవాడు ఎక్కడ తప్పు రాసినా ఆ వరుస పక్కన ఒక ఎర్రచుక్క వెలుస్తుంది. మొదటి నెలంతా జకర్యా బతుకు ఎర్రచుక్కలే. తెరిచిన బ్రాకెట్టు మూయడం మరిచిపోతే కింద ఇరవై వరుసలు ఎర్రబడేవి. "అన్నింటినీ చూసి బెదరకండి, అన్నింటికన్నా పైనున్నది సరిచెయ్యండి, కిందివి వాటంతట అవే పోతయి" అని అనుపమ చెప్పింది, అలాగే పోయేవి. మారదని ముందే చెప్పిన విలువను కింద మారిస్తే ఒక చుక్క. సమానమా అని అడగాల్సిన చోట రెండు సమాన గుర్తులకు బదులు ఒకటే పెడితే ఒక చుక్క. అవన్నీ మంచి పాఠాలే. ఆ చుక్కమీద నొక్కితే కంప్యూటరే ఒక సవరణ చూపిస్తుంది, ఒప్పుకుంటే అదే దిద్దేస్తుంది. అక్కడే వచ్చింది తంటా.

ఆ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి శనివారం డెమో. గోడమీద అందరి ముందు మీ తెర పడుతుంది. ఒక్క ఎర్రచుక్క కనబడినా, యాప్ మధ్యలో ఆగిపోయినా, వెళ్లి వెనక కూర్చోవాలి. ఇరవై ఏళ్ల పిల్లల మధ్య తల నెరిసిన జకర్యా రెండు శనివారాలు వెనక కూర్చున్నాడు. మూడో శనివారం నుంచి, చుక్క ఏమంటోందో చదవడం మానేసి, కనబడగానే నొక్కడం మొదలుపెట్టాడు. అక్కడ అందరూ చేసేది అదే.

బరువు దగ్గర పడ్డ చుక్క అడిగింది ఒకటే ప్రశ్న. ఇక్కడ కొట్టినది అంకె కాకపోతే ఏం చెయ్యమంటావు? రెండు దారులు చూపించింది. ఒకటి, యాప్ అక్కడికక్కడ ఆగిపోవడం. రెండోది, అంకె రాకపోతే నువ్విచ్చిన వేరే అంకె వాడుకోవడం. జకర్యా రెండోది ఎంచుకున్నాడు. ఏదో ఒక అంకె ఇమ్మంది. ఆ క్షణాన నోటికొచ్చింది భార్య బరువు. ఇచ్చాడు. చుక్క పోయింది. చప్పట్లు కొట్టారు.

"మీరే చెప్పారు మేడం." జకర్యా గొంతు పెంచలేదు. "ఆగిపోయే దారి నొక్కబోతే, డెమోలో ఆగిపోతే ఇజ్జత్ పోతది, ఏదో ఒక అంకె ఇచ్చి ముందుకు పొమ్మన్నారు."

"క్లాస్‌ల అందరికీ చెప్తా! నేర్చుకునేటప్పుడు అట్లనే చెప్తరు. అది తీసుకపోయి మనుషుల మీద వాడుతరని నాకేం తెలుసు?"

"పోస్టరు వేసింది మీరే కదా."

అనుపమ వెనక్కి తిరిగి చూడలేదు. పోస్టరు అక్కడే ఉంది.

తర్వాత ఆమె ల్యాప్‌టాప్‌ను తనవైపు లాక్కుంది. చెడ్డ మనిషి కాదు అనుపమ. భయపడ్డ మనిషి. "ఇనండి. ఒక్క వరుస. అంకె కాకపోతే, సరిగ్గా కొట్టమని అడిగేటట్టు మారుస్త. అయిదు నిమిషాల పని. కొత్తది పైకి పంపిస్త. నెట్‌కు తగిలిన ఫోన్లన్నింట్ల అదే మారిపోతది. పాతది ఇంకెక్కడా ఉండదు. ఇగ ఎవరికీ ఏం గాదు."

"మరి మేబెల్?"

"ఆమె ఎట్లాగూ ఒప్పుకున్నది కదా."

పాతది ఎక్కడా లేకపోతే, మేబెల్ చెయ్యి తప్పలేదని చెప్పడానికి ఈ భూమ్మీద ఏమీ మిగలదు. పాత కాపీ దాచుకోలేదతను. కాపీలు ఎలా దాచుకోవాలో వచ్చే నెల పాఠంలో ఉందట.

"వద్దు మేడం. ముట్టుకోకండి. ఇదిట్లాగే తీసుకెళ్లి చూపిస్తా."

"ఎవరికి? పోలీసోళ్లకా? మిమ్మల్ని లోపలేస్తరు. నన్ను సుత గుంజుతరు. నాకు చిన్న పాప ఉన్నది జకర్యా గారూ!"

జకర్యా జేబులో ఫోను కదిలింది. ప్రిసిల్లా.

"లింకు మంచిగ పనిచేసిందన్నా, థాంక్స్. విమలమ్మకు ఇచ్చిన ఇంజక్షనే నాలుగో బెడ్డుకు సుత రాసిన్రు. నాకు అక్క తీరుగ నోటి లెక్కలు రావు, భయమైతున్నది. నీ యాప్ ఉంది, దేవునికి స్తోత్రం. ఇప్పుడే ఇస్తున్న."

జకర్యా ఒక్కసారి చదివాడు. నాలుగో బెడ్డు ఎవరో తెలియదు. బరువెంతో తెలియదు. ప్రిసిల్లా ఆ బరువు పక్కన కేజీ అని కొడుతుందని మాత్రం తెలుసు, ఎందుకంటే అలా కొట్టమని నేర్పింది మేబెల్.

కొత్తది పంపేదాకా ఆగితే సూది దిగిపోతుంది. ఫోన్ చేస్తే, ఎందుకాపాలో చెప్పాలి. మొన్నటి నుంచి గొంతులో అడ్డుపడిన మాట ఇప్పుడు ఒక ముక్కూమొహం తెలియని మనిషి కోసం కక్కాలి. అతను నంబరు నొక్కాడు. మోగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ నొక్కాడు. "ఎత్తు తల్లీ, ఎత్తు" అని పైకే అంటున్నాడు.

"హలో? ప్రిసిల్లా చేతిలో సిరంజి ఉంది. ఎవరు?"

మేబెల్ గొంతు. సంతకం పెట్టడానికి వచ్చిన మనిషి, అలవాటు కొద్దీ వార్డులోకి పోయింది.

"మేబెల్, ఆ ఇంజక్షన్ ఆపు! ఇవ్వనియ్యకు!"

ఆమె ఎందుకని అడగలేదు. "ప్రిసిల్లా, ఆగు! చెయ్యి తియ్యి!" అన్న అరుపు వినిపించింది. ఏదో ఇనప పళ్లెం కింద పడ్డ చప్పుడు. జకర్యా కళ్లు మూసుకున్నాడు.

"ఆపింది" అంది మేబెల్ కాసేపటికి. "ఇంకా దిగలే."

జకర్యాకు కన్నీళ్లు ఆగలేదు, ఆపే ప్రయత్నం కూడా చెయ్యలేదు. "తప్పు నీది కాదు మేబెల్. నాది. పక్కన కేజీ అని కొడితే చాలు, అది..."

"అరవై నాలుగు చూపిస్తది" అంది ఆమె, నెమ్మదిగా. "నాకు ఎరుకే."

"నీకు..."

"పక్క బెడ్డాయనకు ఫిట్స్ వచ్చినయి ఆ టైముకు. చూసుకోకుండ ఇచ్చేసిన. ఇచ్చినంక ఫోన్ చూస్తే అరవై నాలుగు. నా బరువు నాకు తెల్వదా? మీరు తప్ప ఇంకెవరు వేస్తరు ఆ అంకె?"

"మరి ఎందుకు చెప్పలేదు మేబెల్?"

"చెప్తే మిమ్మల్ని సుత తీసుకపోతరు. ఇచ్చింది నా చెయ్యే, నేనెట్లాగూ తప్పించుకోలేను. ఎలీనాకు ఇద్దర్లో ఒకరన్నా ఇంట్ల ఉండాలె." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "సంతకం పెట్టేసిన. ఇప్పుడే ఇచ్చి వచ్చిన. ప్రిసిల్లాకు నేను చెప్పుకుంట. మీరేం మాట్లాడకండి."

వెనకనుంచి మగ గొంతు వినిపించింది. పెద్ద డాక్టరు. "ఏమ్మా, ఇంజక్షన్ ఎందుకాపించావ్? ఫోన్లో ఎవరు?"

"సార్‌తో నేను మాట్లాడతా, ఫోన్ ఆయనకియ్యి" అన్నాడు జకర్యా. "మేబెల్, నా మాట విను, ఆయనకియ్యి!"

"మా ఇంటాయన సార్" అంటోంది మేబెల్, అవతలివైపు తిరిగి. "ఇంటికెప్పుడొస్తవని అడుగుతున్నడు."

లైను తెగిపోయింది.

తిరిగి చేసినా ఎవరూ ఎత్తలేదు. సరే, తనే వెళ్తాడు. ల్యాప్‌టాప్ డాక్టరు బల్లమీద పెట్టి, ఆయన చేతే బరువు కొట్టిస్తాడు. అప్పుడు మేబెల్ ఏమని అబద్ధమాడుతుందో చూద్దాం. జకర్యా కళ్లు తుడుచుకుని ల్యాప్‌టాప్ కోసం తిరిగాడు.

అనుపమ దాన్ని అతనివైపు తోస్తోంది. ఆమె కళ్లూ ఎర్రగానే ఉన్నాయి. "మీరు ఫోన్ల ఉన్నప్పుడు మార్చేసిన. పైకి పోయింది. నన్ను మాఫ్ చెయ్యండి జకర్యా గారూ. పాప ఉన్నది నాకు."

ముప్పై ఎనిమిది కేజీ అని కొట్టాడు. 'బరువు అంకెల్లో మాత్రమే కొట్టండి' అంది యాప్, మర్యాదగా. పైనుంచి కిందిదాకా వరుసలన్నీ చూశాడు. ఎక్కడా ఒక్క ఎర్రచుక్క లేదు.

మెట్లమీద ఉండగా తట్టింది అతనికి. నెట్‌కు తగిలిన ఫోన్లలో కదా మారేది. మేబెల్ ఫోను ఆ రోజే ఆగిపోయింది. చీరల కింద, నెట్ లేకుండా, పాత యాప్‌తో, విమలమ్మకు చూపించిన ఆ అరవై నాలుగుతో అలాగే ఉంది. అది నెట్‌కు తగలకుండా డాక్టరు దగ్గరికి చేరిస్తే చాలు. ఈ మధ్యాహ్నం మొదటిసారి అతనికి ఊపిరాడింది.

హాల్‌టికెట్ కోసం ఆ ఫోను ఆన్ చెయ్యొద్దని చెప్పడానికి ఎలీనాకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. క్లాసులో ఉందేమో, ఇంకా ఇంటికే రాలేదేమో. ఒక్కసారి చూసుకుంటే మేలని మేబెల్ నంబరు నొక్కి, మీరు చేసిన నంబరు స్విచాఫ్‌లో ఉందని చెప్పే ఆ ఆడగొంతు కోసం మెట్లమీదే నిలబడి చెవి ఒగ్గాడు.

ఆ గొంతు రాలేదు. చీరల కింద ఆగిపోయి ఉండాల్సిన ఆ ఫోను మోగింది.